స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడితే పిల్లల ఎముకలు గుల్లబారతాయా? ఆపేయాలా?

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
అందరికీ నమస్తే, మేం బెంగళూరులో ఉంటాం. మా బాబుకి ఏడేళ్లు, 20 కిలోలు. ఆస్తమాకి రెండేళ్లుగా బుడెకార్ట్ 100 (బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్) ఇన్‌హేలర్ స్పేసర్‌తో, అంటే దానికి తగిలించే గొట్టంతో, వాడుతున్నాం. పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు. ఆయాసం ఎక్కువైతే లెవోలిన్. పోయిన వారం అపార్ట్‌మెంట్‌లో స్కేటింగ్ చేస్తూ చెయ్యి ఆనించి పడ్డాడు, మణికట్టు పైన ఎముక చిట్లింది. కట్టు వేసిన ఎముకల డాక్టరు మందుల చీటీ చూసి, "స్టెరాయిడ్ వాడుతున్నారా? ఎముకలు వీక్ అవుతాయి, మీ పిల్లల డాక్టర్ని అడగండి" అని ఒక్క ముక్క అనేసి తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇక ఇంట్లో చూడాలి. అత్తయ్యగారు అనంతపురం నుంచి పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి "ముందు ఆ పంపు ఆపండి" అంటున్నారు. మావారు ఎటూ చెప్పరు. మా డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే వారం దాకా లేదు. ఈలోగా ఆపేయొచ్చా? ఎముకల స్కాన్ ఏదైనా చేయించాలా? క్లాసులో వీడే పొట్టి అన్న దిగులు కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

చిత్తూరు_చిన్నోడు
అక్కా, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. మా తోడల్లుడు వాళ్ల పాపకి ఇట్లే ఎవరో ఏదో చెప్పారని ఆపేశారు. మూడు వారాలు బ్రహ్మాండంగా ఉండింది. నాలుగో వారం రాత్రి పూట డొక్కలు ఎగరేస్తుంటే ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కారేసుకుని పరిగెత్తారు. ఐసీయూ, ఆక్సిజన్, చేతికి సెలైన్, ఆ స్టెరాయిడే మళ్లీ ఇంజక్షన్ రూపంలో, పెద్ద డోసులో. దేన్ని తప్పించుకోవాలనుకున్నారో అదే నాలుగింతలు ఎక్కింది.

నెల్లూరు_పెద్దమ్మ
అమ్మాయ్, నా మాట వింటావా? ఈ గొట్టాలు అలవాటైతే జన్మంతా వదలవు. మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో చేప మందు వేస్తారు. మా వాళ్లు వరసగా మూడేళ్లు వెళ్లొచ్చారు. మీరు శాకాహారులైతే బెల్లంతో ఇస్తారు.

కడప_కోడలు
పెద్దమ్మా, నమ్మకం ఉంటే వెళ్లనివ్వండి, కాదనను. కానీ చేప మింగించామని ఇన్‌హేలర్ పక్కన పడేస్తేనే ప్రమాదం. ఇంకో మాట, వేరే వాళ్లు కూడా చదువుతారని చెప్తున్నా: పేరూ లేబులూ లేని పొడులు, నల్ల గోళీలు ఉబ్బసానికి అని ఇస్తారు చూడండి, వాటి జోలికి అసలు పోకండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన సంగతి చాలాసార్లు బయటపడింది. రెండ్రోజుల్లో ఆయాసం మాయం, "ఆహా నాటు మందు" అనుకుంటాం. లోపల ఎంత డోసు పోతోందో ఇచ్చేవాడికీ తెలీదు.

మందులషాపు_మారతహళ్లి
హెచ్‌ఎస్‌ఆర్ అమ్మగారూ, నేను ఫార్మసిస్టుని. ఒక్క లెక్క చూడండి. మీ బాబు ఇన్‌హేలర్లో పఫ్‌కి 100 మైక్రోగ్రాములు. నాలుగు పఫ్‌లు అంటే రోజుకి 400 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరినప్పుడు డాక్టర్లు రాసే ప్రెడ్నిసోలోన్ సిరప్ కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున వేసుకున్నా 20 కిలోల పిల్లాడికి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంటే 20,000 మైక్రోగ్రాములు. ఐదు రోజుల కోర్సుకి 1,00,000. ఇన్‌హేలర్ 250 రోజులు వాడితే వచ్చే బరువు అది!

జనం మా కౌంటర్ దగ్గర ఇన్‌హేలర్ని చూసి భయపడతారు. తియ్యగా ఉంటుంది కాబట్టి సిరప్‌ని మాత్రం మామూలు దగ్గు మందులా పట్టుకుపోతారు.

పిల్లల_వార్డు
పై లెక్కకి చిన్న సవరణ. నేను పిల్లల డాక్టర్ని, ఇదే ఊళ్లో పనిచేస్తాను. బుడెసొనైడ్, ప్రెడ్నిసోలోన్ రెండిటినీ మైక్రోగ్రాముకి మైక్రోగ్రాము పోల్చకూడదు. బుడెసొనైడ్ అదే బరువులో చాలా ఘాటైన మందు. కాబట్టి 250 రోజులు అన్నదాన్ని అక్షరాలా తీసుకోకండి. అయితే ఆయన చెప్పిన దిశ మాత్రం కరెక్టే. ఎందుకంటే పీల్చిన మందులో గొంతుకి అంటుకుని మింగేసిన భాగాన్ని లివరు మొదటి చుట్టులోనే దాదాపు తొంభై శాతం విరగ్గొట్టేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన భాగం మాత్రం తర్వాత రక్తంలోకి చేరుతుంది, అది కొంచెమే. సిరప్ అలా కాదు, తాగిందాంట్లో ఎక్కువ భాగం నేరుగా ఒళ్లంతా తిరుగుతుంది.

స్టెరాయిడ్ ఎముకని ఎలా దెబ్బతీస్తుందంటే, ఎముక కట్టే కణాల పని మందగిస్తుంది, పేగులు క్యాల్షియంని తక్కువ పీలుస్తాయి, మూత్రంలో ఎక్కువ పోతుంది. ఇదంతా రక్తంలో ఎంత స్టెరాయిడ్, ఎన్నాళ్లు తిరిగిందన్న దాని మీద ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎముకలు విరుగుతాయా? కెనడాలోని ఒంటారియోలో 2 నుంచి 18 ఏళ్ల ఆస్తమా పిల్లలు 19,420 మంది రికార్డులు తీసి చూశారు, 2018లో అచ్చయింది. పీల్చే స్టెరాయిడ్ వాడకానికీ ఎముకలు విరగడానికీ సంబంధం కనబడలేదు. నోటి ద్వారానో ఇంజక్షన్‌గానో స్టెరాయిడ్ తీసుకున్న పిల్లల్లో మాత్రం విరిగే అవకాశం కాస్త పెరిగింది, సుమారు 17 శాతం.

ఇక మీ వాడు స్కేట్స్ మీద నుంచి చెయ్యి ఆనించి పడ్డాడు. అలా పడితే ఏ మందూ వాడని పిల్లాడికైనా అక్కడే విరుగుతుంది. పిల్లల్లో ఎక్కువగా విరిగే చోటు ముంజేతి చివరే.

నాకు మీ నుంచి కావలసింది ఒకటుంది. ఈ రెండేళ్లలో బాబుకి సిరప్ కోర్సులు సుమారుగా ఎన్ని పడ్డాయి?

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
డాక్టరుగారూ, థాంక్యూ. గుర్తున్నంత వరకు చలికాలం వస్తే ఒకటో రెండో, జూన్‌లో స్కూళ్లు తెరవగానే ఒకటి. అన్నీ ఒకే చోట రాయించినవి కాదు. ఊరెళ్లినప్పుడు అక్కడి క్లినిక్‌లో ఒకసారి ఇంజక్షన్ కూడా ఇచ్చారు, అదేమిటో చీటీలో లేదు. ఇవి కూడా లెక్కలోకి వస్తాయా?

పిల్లల_వార్డు
ముందు లెక్కలోకి రావలసినవి అవే. వైసోలోన్, ఓమ్నాకార్టిల్, బెట్నెసాల్ అని పేర్లు వేరు, అన్నీ నోటి స్టెరాయిడ్లే. డెక్సా (డెక్సామెథాసోన్) ఇంజక్షన్ కూడా ఆ జాతే. ఆయాసం ముదిరినప్పుడు ఇవి ప్రాణం కాపాడతాయి, అప్పుడు వద్దనకండి. కానీ ఏడాదికి రెండు మూడు సార్లు అవసరం పడుతోందంటే రోజువారీ మందు సరిగ్గా అందట్లేదనో, చాలట్లేదనో అర్థం. మీ డాక్టరుకి వేరే చోట్ల ఇచ్చిన కోర్సులు తెలియకపోవచ్చు. పాత చీటీలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.

లెక్కల_నాన్న
డాక్టర్ సాబ్, అభ్యంతరం. మీరు ఇన్‌హేలర్ని మరీ అమాయకురాల్ని చేస్తున్నారు. మా అమ్మాయికి కూడా ఇదే మందు కాబట్టి నేను చదివాను. అమెరికా, కెనడాల్లో క్యాంప్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1041 మంది. అందులో ఒక గుంపుకి రోజుకి 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ ఇచ్చారు. అంటే సరిగ్గా ఈ బాబు డోసు. వాళ్లు పెద్దయ్యాక కొలిస్తే ఉత్తుత్తి మందు వాడినవాళ్ల కంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. 2012లో వచ్చింది. ఈ పొడుగు తర్వాత కోలుకోలేదు. తల్లిదండ్రులకి ఈ సంగతి ముందే చెప్పాలా వద్దా?

పిల్లల_వార్డు
చెప్పాలి. నేను చెప్తాను కూడా. మీ అంకె కరెక్టు: 172.3కి బదులు 171.1. ఆ తేడా చాలా వరకు మొదటి రెండేళ్లలోనే వచ్చింది, ఏటా పేరుకుంటూ పోలేదు. మీరు వదిలేసిన సగం కూడా చెప్తాను. అదే పరిశోధనలో బుడెసొనైడ్ గుంపు హాస్పిటల్లో చేరడం 43 శాతం తగ్గింది, నోటి స్టెరాయిడ్ కోర్సులూ తగ్గాయి. వైద్యం ముగిసే నాటికి ఎముకల సాంద్రతలో రెండు గుంపులకీ తేడా లేదు.

లెక్కల_నాన్న
అదే పిల్లల్ని ఇంకా కొన్నేళ్లు చూసి 2008లో ఇంకో పేపర్ వేశారు కదా. మగపిల్లల్లో ఎముక ఖనిజం చేరడం కాస్త తగ్గిందని?

పిల్లల_వార్డు
బాగా చదివారు. అవును. మగపిల్లల్లో ప్రెడ్నిసోన్ (ఇదీ నోటి స్టెరాయిడే) కోర్సులు పెరిగేకొద్దీ ఎముకలో ఖనిజం చేరడం మెట్టు మెట్టుగా తగ్గింది. పీల్చే మందుతో కూడా కొంచెం తగ్గింది, కానీ ఎముక పలచబడే జబ్బు స్థాయికి ఎవరినీ నెట్టలేదు. ఆ పేపర్ రాసినవాళ్లు చెప్పిందీ అదే: పీల్చే మందు వల్ల నోటి కోర్సులు తప్పుతాయి కాబట్టి మొత్తం మీద ఎముకకి లాభమే.

ఎదుగుదల విషయంలో ఇంకోటి. అదుపులో లేని ఆస్తమా కూడా పొడుగుని తగ్గిస్తుంది. రాత్రి నిద్ర లేదు, తిండి సహించదు, పరిగెత్తలేడు. ఆస్తమా పిల్లల్లో యుక్తవయసు కాస్త ఆలస్యంగా మొదలై తర్వాత అందుకోవడం కూడా మామూలే. అందుకే క్లాసు ఫోటోలో పక్కవాడితో పోల్చకండి. మూడు నుంచి ఆరు నెలలకోసారి చెప్పుల్లేకుండా, గోడకి మడమలు ఆనించి, ఒకే చోట కొలిచి రాసుకోండి. ఈ వయసులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతుంటే బండి పట్టాల మీదే ఉంది. ఐఏపీ (పిల్లల డాక్టర్ల సంఘం) 2015 ఎదుగుదల చార్టు మీ డాక్టరు దగ్గర ఉంటుంది, అందులో గీత కిందికి జారుతోందా అన్నదే చూడాలి.

లెక్కల_నాన్న
సరే, ఒప్పుకుంటా. కానీ నా పాయింట్ ఇంకా ఉంది. రెండేళ్లుగా అదే 400 ఎందుకు? తగ్గించే ప్రయత్నం ఎవరూ ఎందుకు చెయ్యరు?

పిల్లల_వార్డు
న్యాయమైన ప్రశ్న. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి బుడెసొనైడ్ రోజుకి 200 వరకు తక్కువ డోసు, 200 దాటి 400 వరకు మధ్యస్థం. ఆస్తమా రెండు మూడు నెలలు చక్కగా అదుపులో ఉంటే నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గించి చూడటం పద్ధతి. అంటే రాత్రి దగ్గు లేదు, ఆటల్లో ఆయాసం లేదు, లెవోలిన్ అవసరం దాదాపు లేదు. అదుపు తప్పని అతి తక్కువ డోసు ఏదో అదే సరైన డోసు. కానీ హెచ్‌ఎస్‌ఆర్ అమ్మగారి బాబుకి చలికాలంలో సిరప్ పడుతోంది కాబట్టి, తగ్గించే ముందు మందు లోపలికి పోతోందా లేదా చూడాలి. స్పేసర్ ఎలా వాడుతున్నారో వివరంగా రాయండి.

అంతవరకు, మీ అంతట మీరు ఆపకండి. ఒకటి, చిత్తూరు తమ్ముడు చెప్పిందే. రెండు, ఎక్కువ డోసు ఎక్కువ కాలం వాడిన పిల్లల్లో అడ్రినల్ గ్రంథి సొంతంగా స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించుకుంటుంది. ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, షుగర్ పడిపోవడం, మగత రావచ్చు. 400 దగ్గర అది అరుదు, ఐనా నియమం నియమమే.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
జీరోస్టాట్ స్పేసర్, మాస్క్ లేకుండా నోట్లో పెట్టుకుంటాడు. ఊపి, రెండు పఫ్‌లు వరసగా కొట్టి, ఒక పెద్ద ఊపిరి తీసుకోమంటాం. స్కూల్ వ్యాన్ 7:10కి వచ్చేస్తుంది, ఇక నోరు పుక్కిలించడం అంటారా, రాత్రి మాత్రం చేస్తాడు.

మందులషాపు_మారతహళ్లి
ఇది నాకు వదిలేయండి డాక్టర్ సర్, రోజూ చూపించే పనే.

అమ్మా, ఇన్‌హేలర్ బాగా ఊపండి. మూత తీసి స్పేసర్‌కి నిటారుగా పెట్టండి. బాబు ముందు ఊపిరి మెల్లగా వదిలి, మౌత్‌పీస్‌ని పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు బిగించాలి. మీరు ఒక్క పఫ్ మాత్రమే నొక్కండి. వాడు మామూలుగా, తొందర లేకుండా ఐదారు ఊపిర్లు ఆ గొట్టంలోనే పీల్చి వదలాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి రెండోది. రెండూ ఒకేసారి కొడితే మందు తుంపరలు ఒకదానికొకటి కలిసి గొట్టం గోడలకే అంటుకుంటాయి.

గొట్టాన్ని వారానికోసారి గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టండి. మన వాళ్లకి తుడవకపోతే మనసొప్పదు. తుడిస్తే లోపల స్టాటిక్ కరెంటు పుట్టి మందుని గోడ లాగేసుకుంటుంది. ఎండలో కూడా పెట్టకండి.

పొద్దున పుక్కిలించే టైము లేకపోతే బ్రష్ చేసే ముందు పఫ్‌లు ఇవ్వండి. బ్రష్ చేసి ఉమ్మేస్తే రెండు పనులూ అయిపోతాయి. నోట్లో పుండ్లు, తెల్లపూత రావు, మింగే మందూ తగ్గుతుంది.

కడప_కోడలు
ఆ బ్రష్ ఐడియా బంగారం. ఇవాళ్టి నుంచి మా ఇంట్లో అదే.

వైట్‌ఫీల్డ్_ధూళి
మందుల మీదే మాట్లాడుతున్నారు, ఊరి మాట ఎవరూ ఎత్తరేం? ఏసీ సిటీ అని మురిసి వచ్చాం. డాక్టర్ పరమేశ్ గారు బెంగళూరు పిల్లల మీద చేసిన సర్వేల్లో ఆస్తమా 1979లో 9 శాతం ఉంటే 1999కి 29.5 శాతం. అప్పటికి ఈ టెక్ పార్కులూ ఫ్లైఓవర్లూ ఇంకా సగం లేవు. మా రోడ్డుని తవ్వడం ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు, ఆగడం మాత్రం చూడలేదు. ఖాళీ సైట్ల నిండా వయ్యారిభామ మొక్కలు, పూలు విచ్చుకున్నాయంటే మా వాడికి తుమ్ములే తుమ్ములు. ముక్కుకి కూడా స్టెరాయిడ్ స్ప్రే రాశారు. అది కూడా ఈ లెక్కలో కలుస్తుందా?

పిల్లల_వార్డు
కలుస్తుంది. ముక్కు స్ప్రే, ఎగ్జిమాకి రాసే క్రీము, ఇంట్లో నెబ్యులైజర్లో పోసే బుడెసొనైడ్ అన్నీ. విడివిడిగా చిన్నవే. కానీ ముక్కుకి ఒక డాక్టరు, చర్మానికి ఇంకో డాక్టరు, ఊపిరికి మరొకరు రాస్తుంటే మొత్తం ఎంతో ఎవరికీ తెలియదు. మీ పిల్లల డాక్టరుకి అన్నీ ఒకేసారి చూపించండి.

స్కాన్ సంగతి మర్చిపోయాను. ఇన్‌హేలర్ వాడుతున్నాడని, ఒకసారి స్కేటింగ్‌లో విరిగిందని ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అక్కర్లేదు. చిన్న దెబ్బలకే పదే పదే విరుగుతుంటే, వెన్నునొప్పి అంటుంటే, నోటి స్టెరాయిడ్లు తరచూ పడుతుంటే అప్పుడు ఆలోచిస్తాం. ఒకవేళ ఎక్కడైనా తీయిస్తే రిపోర్టులో టీ స్కోరు చూసి హడలిపోకండి. అది పెద్దవాళ్లది. పిల్లలకి అదే వయసు పిల్లలతో పోల్చే జెడ్ స్కోరు చూడాలి. మీ బాబుకి నేనైతే ముందు విటమిన్ డీ, ఆటలు, తిండి గురించి అడుగుతాను.

రాగిసంకటి
తిండి అన్నారు కాబట్టి దిగుతున్నా. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి రోజుకి 650 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని ఐసీఎంఆర్ లెక్క. గ్లాసు పాలు, అంటే 200 మిల్లీలీటర్లు ఇస్తే 240 దాకా వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 364 ఉంటుంది. కాబట్టి యాభై గ్రాముల పిండితో ముద్ద చేస్తే 180 వరకు. రాగుల్లో క్యాల్షియంని పట్టి ఉంచే ఫైటేట్ ఉండటం వల్ల అంతా ఒంటికి పట్టదు, మొలకెత్తించి ఆరబెట్టి మర పట్టిస్తే నయం. ఒక కప్పు పెరుగు, వారంలో రెండు మూడు సార్లు నువ్వుల పొడి. ఇక్కడ రాగి హురిహిట్టు (వేయించిన రాగుల పిండి) దొరుకుతుంది కదా, పాలు బెల్లం కలిపి ఇవ్వండి, పిల్లలు వద్దనరు. రాయలసీమ అత్తగారున్న ఇంట్లో దీనికి కొదవుండదు. ఆవిడ ఫోన్లో పంపు గురించి కాకుండా పిండి గురించి మాట్లాడేలా చేయండి!

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
హహ, నిజంగానే ఇవాళ అడిగాను. పార్సిల్ చేస్తున్నారు. పంపు మాట ఎత్తలేదు.

ఎండ గురించి: వీడు ఉదయం ఎండ ముదరకముందే వ్యాన్ ఎక్కి నాలుగున్నరకి వస్తాడు. బాల్కనీకి అద్దాలు. అది చాలుతుందా?

పిల్లల_వార్డు
చాలదు. చర్మంలో విటమిన్ డీ తయారుచేసే కిరణాలు అద్దంలోంచి రావు. సాయంత్రం ఎండలో కూడా తక్కువే. శని, ఆదివారాల్లో పదకొండు దాటాక కాసేపు చేతులు, కాళ్లకి ఎండ తగిలేలా ఆడుకోనివ్వండి. దుమ్ము ఎక్కువ ఉన్న రోజు కాకుండా చూసుకోండి. రక్తపరీక్షలో తక్కువుంటే డోసు మీ డాక్టరే రాస్తారు. షాపులో వారానికోసారి వేసే 60,000 యూనిట్ల సాచెట్ సొంతంగా కొని వేయకండి, అది కూడా ఎక్కువైతే చేటే. ఆటలు మాన్పించకండి. ఎముక గట్టిపడేది బరువు మోసినప్పుడే, గెంతినప్పుడే. కట్టు విప్పాక స్కేటింగ్‌కి మణికట్టు గార్డులు తొడిగించండి.

నెల్లూరు_పెద్దమ్మ
మరి ఆ గొట్టం అలవాటైపోదా నాయనా? ఎవరూ చెప్పలేదే.

పిల్లల_వార్డు
అలవాటు పడదు పెద్దమ్మా. షుగర్ ఉన్నవాళ్లు రోజూ మాత్ర వేసుకుంటారు, దాన్ని అలవాటు అనం కదా. చాలా మంది పిల్లలకి పెరిగేకొద్దీ ఆస్తమా తగ్గుతుంది, అప్పుడు డాక్టరే మెట్టు మెట్టుగా తగ్గించి ఆపుతారు.

బెళ్లందూర్_బాబాయ్
ఆలస్యంగా వచ్చాను. మా పాపకి తొమ్మిదేళ్లు, స్ప్రే కాదు, రోటాహేలర్లో క్యాప్సూల్ వేసి పీలుస్తుంది. దీనికీ ఇదే లెక్కా? పీల్చడం కూడా అలా మెల్లగానే కదా?

మందులషాపు_మారతహళ్లి
స్టెరాయిడ్ లెక్క అదే, పుక్కిలించడం అదే. పీల్చడం మాత్రం పూర్తిగా రివర్స్. పొడి మందుకి తోసే గ్యాస్ ఉండదు, పాప ఊపిరే దాన్ని లాగాలి. ముందు బయటికి ఊపిరి వదిలి, తర్వాత గబుక్కున, గట్టిగా, లోతుగా పీల్చి, లెక్కపెట్టి పది దాకా బిగబట్టాలి. హేలర్ లోపలికి ఊపిరి వదలకూడదు, తేమకి పొడి ముద్దవుతుంది. పీల్చాక క్యాప్సూల్లో పొడి మిగిలుంటే మళ్లీ ఒకసారి పీల్చమనండి. క్యాప్సూల్ని మింగించకండి. నవ్వకండి సార్, నీళ్లతో మింగేసి "ఈ మందు పనిచెయ్యట్లేదు, వేరేది ఇవ్వండి" అని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.